భివండి ఎవరి వల్ల పెరిగింది?

మా ఇంట్లో ఎవరూ మెల్లగా మాట్లాడరు. కొత్తవాళ్లు అది కోపమనుకొని కంగారు పడతారు గానీ, అదంతా అలవాటు. గోడకు ఆ పక్క ఎనిమిది మరమగ్గాలు పొద్దుటి నుంచీ ధడధడలాడుతుంటే, ఈ పక్క ఉప్పు అందుకోమనాలన్నా అరవాల్సిందే. మరమగ్గాన్ని మేం సాంచ అంటాం. సాంచలు ఆగిన రోజు కూడా మేం అదే గొంతుతో అరుచుకుంటాం. పెళ్లయిన కొత్తలో మా అత్తగారు, ఈ పిల్లకు మన మీద ఇంత కోపం ఎందుకురా అని మావారిని చాటుగా అడిగిందట.

అలాంటి ఇంట్లో మా బాపు నాతో నలభై రోజులు మాట్లాడలేదు. కారణం చెబితే నవ్వుతారు. ముంబై పక్కనున్న మా ఊరు భివండి ఎందుకు పెరిగిందన్న విషయం మీద తండ్రీకూతుళ్లకు పేచీ వచ్చింది.

నేను మరాఠీ బడిలో సోషల్ చెప్తాను. ముప్పై నాలుగేళ్ల వయసులో, ఇద్దరు పిల్లల్ని పెట్టుకొని, దూరవిద్యలో ఎం.ఏ. కట్టాను. అది పాసైతే పెద్ద తరగతులకు చెప్పే అవకాశం వస్తుంది. చివరి ఏడు ఒక ప్రాజెక్టు రాసి, ఠాణేలో పరీక్షకుల ముందు కూర్చొని జవాబులు చెప్పాలి. "మీ ఊరు ఎందుకు పెరిగింది?" అన్నది నాకిచ్చిన అంశం. అబ్బ, ఇంత తేలికా అనుకున్నాను. పుట్టి పెరిగిన ఊరు. జవాబు రోజూ కళ్ల ముందే కనిపిస్తోంది. అంజూర్ ఫాటా దాటితే రెండు వైపులా లారీలే. మాన్కోలి చుట్టూ కనుచూపు మేర గోదాములే. ఎక్కడో ఎవరో ఫోన్ మీద వేలు పెట్టి నొక్కితే చాలు, చైనా చెప్పులైనా కొరియా క్రీములైనా మా ఊళ్లో దిగి, మా ఊళ్లో సర్దుకొని, మా ఊరి నుంచే బయల్దేరతాయి. ప్రపంచీకరణ వల్లే భివండి పెరిగిందని ఇరవై రెండు పేజీలు రాసేశాను. రాస్తుంటే నా తెలివికి నాకే ముచ్చటేసింది.

ఆ ముచ్చట ఎవరికైనా చూపించుకోవాలి కదా! ఆదివారం పుట్టింటికి వెళ్లాను. పుట్టిల్లంటే రెండు గల్లీల అవతలే. బాపును కుర్చీలో కూర్చోబెట్టి, మరాఠీలో రాసిందంతా తెలుగులో చెప్తూ మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకూ వినిపించాను. చేతిలోని చాయ్ చల్లారిపోయేదాకా విని, బాపు ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"మంచిగనే ఉన్నది గని బిడ్డా, గిండ్ల మీ తాత ఏడున్నడు?"

నేను పేజీలు తిరగేసి, పద్నాలుగో పేజీలో వెతికి చూపించాను.

"ఇగో, సంప్రదాయ శ్రామికులు అందుబాటులో ఉండుట అని రాసిన గద బాపూ."

అంతే. బాపు గ్లాసు కింద పెట్టి, లేచి సాంచల షెడ్డులోకి వెళ్లిపోయాడు.

బాపు చెప్పే చరిత్ర వేరు. మా తాత కరీంనగర్ దిక్కు నుంచి ఒక మూటతో వచ్చాడు. ఒకరి షెడ్డులో నిలబడి పని నేర్చుకున్నాడు. ఒక సాంచ కొన్నాడు. బామ్మర్దిని పిలిచాడు. బామ్మర్ది తన తోడల్లుణ్ని పిలిచాడు, తోడల్లుడు సగం వాడను వెంటబెట్టుకొచ్చాడు. ఊరు పెరిగింది. ఈ కథలో ఓడరేవు లేదు, హైవే లేదు, పక్కనే ఉన్న ముంబై కూడా పెద్దగా లేదు. ప్రపంచం కల్యాణ్ స్టేషన్‌లో మొదలై మా గల్లీ చివర అయిపోతుంది. తాతకు పని నేర్పిన ఆ మొదటి షెడ్డు ఎవరిదో, వాళ్లు అంతకుముందు ఎన్నాళ్ల నుంచి నేస్తున్నారో కూడా కథలోకి రాదు. అసలు మా వాడలో ప్రతి ఇంటి తాతా మూటతో మొదట దిగినవాడే. అందరూ మొదటివాళ్లయితే రెండోవాడెవడు బాపూ అని చిన్నప్పుడొకసారి అడిగి వీపు మీద దెబ్బలు తిన్నాను.

మాట్లాడకపోవడమంటే మా బాపు మూల కూర్చొని మూతి ముడుచుకునే రకం కాదు. నా ఎదురుగానే కూర్చొని నా గురించి అమ్మతో మాట్లాడేవాడు. "చాయ్ తాగుతదా అడుగు." "చిన్నోనికి జరం తగ్గిందా అడుగు." నేను అక్కడే, మూడడుగుల దూరంలో ఉండేదాన్ని. అమ్మ ఇంట్లో లేకపోతే చేతులు వాడేవాడు. సాంచల మోతలో మాట వినపడదు కాబట్టి షెడ్డులో అందరూ సైగలతోనే పని నడుపుకుంటారు. రెండు వేళ్లు పెదవి దగ్గర వంచితే చాయ్. బొటనవేలూ చూపుడువేలూ కలిపి విడదీస్తే పోగు తెగింది. ఆ సైగలన్నీ నాకు ఊయల నాటి నుంచీ వచ్చు కాబట్టి మా మౌనం బ్రహ్మాండంగా నడిచింది. ఒకసారి నాకు ఒళ్లు మండి, ఆయన ముఖం ముందు వేళ్లు విదిలించి పోగు తెగిందన్న సైగ చేశాను. బాపుకు నవ్వాగలేదు. గోడవైపు తిరిగి నవ్వుకున్నాడే గాని నోరు విప్పలేదు.

నేను కూడా తగ్గలేదు. ఆయన కూతుర్నే కదా, ఎలా తగ్గుతాను? పైకి అంత రోషంగా ఉన్నా లోపల మాత్రం దిగులుగా ఉండేది. బడి నుంచి వస్తూ అక్కడ చాయ్ తాగి, "వచ్చినావు బిడ్డా" అన్న మాట వినకుండా ఇంటికి పోతుంటే ఏడుపొచ్చేది.

మా అమ్మ ఎవరి పక్షమూ కాదు. అమ్మ చాలా ఏళ్లు బిస్సీ నడిపింది. ఇంటిని వదిలి పనికొచ్చిన మగవాళ్లు నెలవారీగా తినే భోజనశాలను మా దగ్గర బిస్సీ అంటారు. మోకాళ్లు మొరాయించాక ఆపేసింది గానీ ఇప్పటికీ నలుగురికి కూర వండమంటే నలభై మందికి వండుతుంది.

"మీ ఇద్దరికీ వేరే పనిలేదే?" అంది అమ్మ. "దినాం గంత మందికి నేను వండివెట్టిన. తిన్నోళ్లు ఏడ వోతరు? ఈన్నే ఉన్నరు. ఊరు పెద్దగైంది. దీనికి ఇరువై రెండు పేజీలెందుకు?"

నేను ఆ మాటకు నవ్వేసి, ప్రాజెక్టును మా గైడ్ సారుకు పంపాను. ఆయన నవ్వలేదు. "అంతా పుస్తకాల్లోంచి తీసినట్టుంది, ఒక్క మనిషినైనా అడిగారా?" అని ఫోన్ చేశాడు. సరే, అడుగుదాం, నాకేం భయమని మాన్కోలి వెళ్లాను. అమ్మ తమ్ముడు, మా మామ, అక్కడ ఒక విదేశీ కంపెనీ గోదాంలో సూపర్‌వైజర్. మధ్యాహ్నం భోజనాల వేళ లోడింగ్ చేసేవాళ్లందరినీ నా కోసం ఒకచోట కూర్చోబెట్టాడు. ఈ పనికి ఎలా వచ్చారని వరసగా అడిగాను. పత్రికలో ప్రకటన చూశామనో, కాంట్రాక్టరు తెచ్చాడనో చెప్తారని నా ఆశ. రాసుకోవడానికి పెన్ను తీసి సిద్ధంగా ఉన్నాను.

మొదటతను ఉత్తరాది మనిషి. వాళ్ల బాబాయి ఇక్కడ సాంచలు నడిపేవాడట, ఆయన అద్దె గదిలో, అదే ఖోలీలో, దిగి ఈ పనికి వచ్చానన్నాడు. రెండో అతనికి అన్న. మూడో అతనికి అన్న తిన్న బిస్సీ. నాలుగో మనిషి జుట్టు నెరిసినవాడు, మా దిక్కువాడే. డబ్బా మూత పెట్టి నా ముఖంలోకి పరీక్షగా చూశాడు.

"నువ్వు బిస్సీ అమ్మ బిడ్డవు గాదె?"

"ఔ," అన్నాను.

"ముఖం గట్లనే ఉన్నది. నేను పనిజేసే షెడ్డు బందైనంక ఏం జెయ్యాల్నో తోచక కూసుంటే మీ అమ్మనే చెప్పింది, మా తమ్ముని కాడికి పో, గోదాంల మనుషులు గావాల్నట అని. నేనొచ్చిన. నా ఎనుక మా ఖోలీ అంత వచ్చింది."

చుట్టూ చూస్తే సగం మంది తలలూపుతున్నారు. అవే వరసలు, అవే పిలుపులు. తాత బామ్మర్దిని పిలిచినట్టే వీళ్లూ ఒకరినొకరు పిలుచుకున్నారు, పని మాత్రం మారింది. మామ కడుపు పట్టుకొని నవ్వాడు.

"రాసుకో బిడ్డా! గోదాం పర్దేశ్ కంపెనీది. మనుషులు మా అక్క పచ్చిపులుసు మీద నడుస్తున్నరు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఇరవై రెండు పేజీల్లో పచ్చిపులుసు ఎక్కడా లేదు మరి. సాయంత్రం పుట్టింటికి వచ్చి జరిగింది జరిగినట్టు అమ్మకు చెప్పాను. కుర్చీలో ఉన్న బాపు మీసాల్లో నవ్వుతూ అమ్మతో అన్నాడు.

"అడుగు. గోదాం ఎవలు నడిపిస్తున్నరో అడుగు."

"గోదాం ఎవలు కట్టిండ్రో గూడ అడుగమ్మా!" అన్నాను నేను.

"నేనేమన్న ఉత్తరాలు మోసే డాకియానా?" అని అమ్మ గరిట పట్టుకొని వంటింట్లోకి వెళ్లిపోయింది.

అలా పేచీ నడుస్తుండగానే దసరా వచ్చింది. మా దగ్గర ఆయుధ పూజ రోజు సాంచలన్నీ ఆపి, గ్యాసునూనె గుడ్డతో జిడ్డంతా తుడిచి, పసుపు కుంకుమలు పెడతారు. ఏటా బాపే చేస్తాడు, ఇంటిల్లిపాదీ వెళ్తాం. గుమ్మం పక్కనే ఉండేది పెద్ద సాంచ, తాత మొదట కొన్నది. దాని పక్క చట్రం మీద అరచేయంత చోటును మాత్రం ఎవరూ తుడవకూడదు. అక్కడ ఇనుములో ఉబ్బెత్తుగా దేవుడి అక్షరాలున్నాయని తాత చెప్పాడట. నాకు ఊహ తెలిసేసరికే ఆ అక్షరాలు కనిపించేవి కావు. ఏటేటా పూసిన పసుపూ నూనే దూదిపొట్టూ కలిసి అట్టకట్టిపోయాయి. బడికి పోయేటప్పుడు, పరీక్షలప్పుడు, దాన్ని తాకి కళ్లకద్దుకోని పిల్ల మా ఇంట్లో లేదు. ఎం.ఏ. మొదటి పరీక్షకు నేనూ తాకే వెళ్లాను.

ఆ ఏడు వానలకు షెడ్డు రేకు కారి, నీళ్లు సరిగ్గా ఆ సాంచ మీదే పడ్డాయి. బాపు పసుపు ముద్ద పెట్టి అరచేత్తో ఒత్తాడు. చేయి తీసేసరికి పాత పసుపంతా పెళ్లలా ఊడి ఆయన చేతిలోకి వచ్చింది. అమ్మ "అయ్యో!" అంది. ఇనుము మీద నిజంగానే అక్షరాలున్నాయి. అవి బాపుకు తెలిసిన తెలుగు అక్షరాలు కావు, చూసి చూసి అలవాటైన మరాఠీవీ కావు.

బాపు నావైపు చూశాడు. చేయి ఎత్తి సైగ చేయబోయాడు. చేయి గాలిలో అలాగే ఆగిపోయింది. షెడ్డు సైగల్లో చాయ్‌కి ఉంది, పోగుకు ఉంది, పని చూసే ముకద్దం వస్తున్నాడనడానికీ ఉంది. చదవమని చెప్పడానికి లేదు. ఆ పని ఆ షెడ్డులో ఎవరికీ ఎప్పుడూ పడలేదు.

"ఇటు రా," అన్నాడు బాపు. "ఇదేందో జెర సదువు."

నలభై రోజుల తర్వాత మొదటి మాట. కొంగుతో పసుపు పొడి తుడిచి చదివాను. ఇంగ్లీషు అక్షరాలు. పైన సగం అరిగిపోయిన ఏదో కంపెనీ పేరు, కింద స్పష్టంగా ఇంగ్లండులోని ఒక ఊరి పేరు.

"ఏ దేవునిది?" అని అడిగాడు బాపు. చేతులు జోడించి ఉన్నాడు.

ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. లక్ష్మీదేవిదని చెప్పేద్దామా అని నాలుక చివరిదాకా వచ్చింది. మరోపక్క నలభై రోజుల ఉడుకుమోతుతనం ఎగిరి గంతేసింది. ఇదిగో ప్రపంచం, నీ షెడ్డులోనే, నీ పసుపు కిందే! గెలుపు నాదే. అయినా ఆయన ముఖం చూస్తే గెలవబుద్ధి కాలేదు. గొంతు తగ్గించి చెప్పాను.

"దేవునిది గాదు బాపూ. ఇంగ్లీషోళ్ల దేశంల ఒక ఊరు పేరు. ఈ సాంచ ఆడ తయారైంది. ఆడికెల్లి ఓడల ముంబైకి వచ్చి, ఏదో మిల్లుల నడిచి ఉంటది. పాతదైనంక మిల్లోళ్లు తీసేసిండ్రు..."

"పాత ఇనుము కింద భంగార్ల వడేస్తే మా బాపు తూకానికి తెచ్చిండు," అని మిగతాది ఆయనే పూర్తిచేశాడు. "గది నాకెరుకే."

బాపు పక్కనున్న నూలు చుట్టే బీము మీద కూర్చున్నాడు. అమ్మ హారతి పళ్లెంతో అలాగే నిలబడింది. నాకు భయమేసింది. అంతలో బాపు పొట్ట కదలడం మొదలైంది. తర్వాత భుజాలు కదిలాయి. తర్వాత షెడ్డు రేకులు అదిరేలా నవ్వాడు.

"ఇన్నేండ్లు ఇంగ్లీషోళ్ల ఊరికి పసుపు వెట్టినమానే!"

అమ్మ నవ్వింది, నేను నవ్వాను. హారతి ఆరిపోతే మళ్లీ వెలిగించాల్సి వచ్చింది. నవ్వు తగ్గాక బాపు నా చేతికి పసుపు గిన్నె ఇచ్చి అన్నాడు.

"రాసుకో మల్ల. ఈ ఇనుము రాకుంటే మా బాపు ఈడ ఏంజేస్తుండె? మా బాపు లేకుంటే ఈ ఇనుమును కరగవోసి మేకులు జేస్తుండ్రి. నువ్వు సగం రాసినవ్, నేను సగం చెప్పిన. కాని ఆళ్లు వద్దనుకున్నదాన్ని నడిపింది మనోళ్లే. గది పెద్దగ రాయి."

"పెద్దగనే రాస్త బాపూ."

ఆ మధ్యాహ్నం నలభై రోజుల బాకీ మాటలన్నీ మాట్లాడేశాడు. వాడలో ఎవరింట్లో ఏమైందో, ఏ షెడ్డు గోదాంగా మారిందో, తాతకు పని నేర్పిన షెడ్డు ఎవరిదో కూడా చెప్పాడు. తాత ఊళ్లో దిగేనాటికే వాళ్లది రెండో తరమట. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదంటే, నువ్వు అడగలేదు కదా అన్నాడు. నాకు చెవులు దిమ్మెక్కాయి, అయినా లేవబుద్ధి కాలేదు.

చీకటి పడకముందే బయల్దేరాను. గల్లీ మలుపు దాకా నా వెనకే వచ్చి ఆగాడు.

"బిడ్డా, అన్నీ రాయి. ఒక్కటి రాయకు."

"ఏంది బాపూ?"

"మా బాపుకు అచ్చరాలు రావని రాయకు." ఆయన నావైపు చూడట్లేదు. "పెద్ద సదువులోళ్లు సదువుతరు గద. ముసలోడు తెల్వక ఊరు పేరుకు మొక్కిండని నవ్వుతరు. మనం నవ్వుకుంటే గది వేరే."

రాయనని మాటిచ్చాను. ఈమధ్య బాపే ఆ కథను చాయ్ దుకాణంలో అందరికీ చెప్పి నవ్విస్తున్నాడు కాబట్టి ఇక్కడ రాయగలిగాను. అప్పుడు మాత్రం రాయలేదు. పాత పేజీలు పక్కన పడేసి, ఓడలూ బామ్మర్దులూ గోదాములూ పచ్చిపులుసూ అన్నీ కలిపి ముప్పై పేజీలు కొత్తగా రాశాను. సాంచ మీది అక్షరాల ఫోటో అతికించి, యంత్రం తయారైన ఊరి పేరును కుటుంబం తరతరాలుగా కాపాడుకుందని కింద ఒక వాక్యం రాసి ఊరుకున్నాను.

ఠాణేకు నాతో బాపు కూడా బయల్దేరాడు. ఏదో పార్టు కొనాలన్నాడు. ఆ పార్టు మా ఇంటి ఎదురు దుకాణంలోనే దొరుకుతుందని ఇద్దరికీ తెలుసు. నన్ను గదిలోకి పిలిచినప్పుడు ఆయన బయట వరండాలో బల్ల మీద కూర్చున్నాడు.

లోపల ఇద్దరు పరీక్షకులు. మాన్కోలి గురించి, మిల్లుల గురించి అడిగినవాటికి బాగానే చెప్పాను. తర్వాత పెద్దాయన ఆ ఫోటో దగ్గర ఆగాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ చూశాడు.

"ఇది చాలా బాగుందమ్మా. మీ తాతగారికి ఈ అక్షరాలేమిటో తెలుసా? తెలియకుండానే కాపాడి ఉంటే మాత్రం మీ ప్రాజెక్టు మొత్తానికి ఇదే ప్రాణం. ప్రపంచం తన ఇంట్లో ఉందని ఎరగకుండానే ఆ మనిషి ఊరిని కట్టాడన్నమాట. అలా అయితే దీన్ని పత్రికకు కూడా పంపుదాం. చెప్పండి, తెలుసా?"

ఆయన కుర్చీలో ముందుకు వంగాడు. పక్కనున్న ఆవిడ కూడా పెన్ను ఆపి నావైపు చూసింది. నిజం చెప్తే చాలు. మార్కులు, పత్రిక, పెద్ద తరగతులు అన్నీ అక్కడే, బల్ల మీద పెట్టినట్టున్నాయి. తలుపు సందులోంచి బాపు చెప్పులు కనిపిస్తున్నాయి.

"తెలుసు సర్," అన్నాను. "చదివారు."

"ఓహో," అన్నాడాయన. ముఖంలో వెలుగు కాస్త తగ్గింది. కళ్లద్దాలు పెట్టుకొని పేజీ తిప్పాడు. ఇంకో రెండు ప్రశ్నలడిగి, పాసయ్యావు వెళ్లమ్మా అన్నారు. మరీ గొప్ప మార్కులేం రాలేదు.

బయటికి రాగానే బాపు లేచి నిలబడ్డాడు. పాసయ్యానా లేదా అని అడగలేదు.

"మీ తాత ముచ్చట అడిగిండ్రా?"

"అడిగిండ్రు."

"ఏం జెప్పినవ్?"

"మా తాత సదువుకున్నడని చెప్పిన."

బాపు నా చేతిలో సంచి తీసుకొని తన భుజానికి వేసుకున్నాడు. మెట్లు దిగాం. గేటు దగ్గరికి వచ్చాక, ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూసి, పుట్టి బుద్ధెరిగాక నేనెన్నడూ వినని మెత్తటి గొంతుతో అన్నాడు.

"మల్ల ఎవలన్న అడిగితే, పదో తరగతి దాక అని చెప్పు."